ఫొటో కోసం పెట్టిన టీం

కాలేజీలో ఆడపిల్లలకి కూడా గోల్ఫ్ టీం పెడుతున్నామని మా డాడీ ఇంటికొచ్చి చెప్పినప్పుడు మమ్మీ డ్యూటీకి వెళ్ళబోతూ తెల్ల బూట్లు తొడుక్కుంటోంది. ఒక కాలికే బూటు వేసుకుని ఆగిపోయి, "ఆడపిల్లలకా? ఎవరు పెట్టమన్నారండీ?" అంది.

"ఎవరో పెట్టమనడమేంటి? నేనే పెట్టిస్తున్నా," అన్నారు డాడీ.

అది అబద్ధం. ఆ అబద్ధాన్ని నేను చలికాలమంతా నమ్మాను.

1996 అక్టోబరు. మస్కట్‌లో ఎండలు అప్పుడప్పుడే తగ్గుతున్నాయి. ఖురంలో అద్దె భవనంలో నడిచే చిన్న కాలేజీ మాది. నేను మొదటి సంవత్సరం, అన్నయ్య బ్లెస్సన్ రెండో సంవత్సరం. డాడీ, అంటే ప్రసాద్ బాబు గారు, అదే కాలేజీలో ఆటల మాస్టారు. బాపట్ల దగ్గర హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసిన మనిషి. మమ్మీకి ఇక్కడ గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చాక ఆమె వెనక ఫ్యామిలీ వీసా మీద వచ్చారు. చాలా ఏళ్ళు చర్చిలో, బిల్డింగులో, కూరగాయల షాపులో అందరికీ ఆయన "మేరీ సిస్టర్ గారి హస్బెండ్". పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఒక ఆయిల్ కంపెనీ వాళ్ళ క్లబ్బులో గ్రౌండు చూసుకునే పనికి కుదిరి, అక్కడి తెల్లవాళ్ళు ఆడుతుంటే చూసి గోల్ఫ్ నేర్చుకున్నారు. కాలేజీలో చేరాక మగపిల్లల టీం పెట్టారు. అప్పటినుంచి ఆయన "కోచ్ సార్". ఆ రెండు మాటలు నిలబెట్టుకోవడానికి ఆయన ఏమైనా చేస్తారని మాకు తెలుసు. ఎంతదాకా చేస్తారన్నది తెలియదు.

గోల్ఫ్ అనగానే పచ్చగడ్డి గుర్తొస్తుంది అందరికీ. మేం ఆడినచోట గడ్డిపరక లేదు. చుట్టూ బోడి కొండలు, మధ్యలో గులకరాళ్ళ నేల. ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఆడాలో తెలియడానికి రంగు వేసిన కర్రలు పాతారు. ఒక్కొక్కరం చాపముక్కంత ప్లాస్టిక్ గడ్డి చంకలో పెట్టుకుని తిరిగేవాళ్ళం. బంతి ఎక్కడ ఆగితే అక్కడ ఆ ముక్క పరిచి, దానిమీద బంతి పెట్టి కొట్టాలి. గుంట ఉన్నచోట ఇసుకలో నూనె కలిపి చదును చేస్తారు. అక్కడ వంగి నిలబడితే గ్యారేజీ వాసన. మా అడుగులు పడ్డ ఇసుకని మేమే మళ్ళీ సాపు చేసి కదలాలి.

మా టీంలో అందరికంటే బాగా కొట్టేది అరీబా. కడప వాళ్ళు. వాళ్ళ నాన్న ఎయిర్‌కండిషన్ కంపెనీలో ఫోర్‌మన్. తలకి స్కార్ఫ్ బిగించి కట్టుకుని, పొడుగు చొక్కా, వదులు ప్యాంటు వేసుకుని వచ్చేది. స్టిక్ పైకెత్తిందంటే మగపిల్లలు కూడా ఆగి చూసేవాళ్ళు. అక్కడ గురు, శుక్రవారాలు సెలవు. వాళ్ళమ్మ అక్తరీ బేగం ప్రతి గురువారం పొద్దున కూతురి వెంట వచ్చేది. నల్ల బురఖాలో, చేతిలో చల్లటి నీళ్ళ ఫ్లాస్కుతో, ఎండలో మాతోపాటు చివరిదాకా నడిచేది. బంతి రాళ్ళలో పోతే మాకంటే ముందు ఆమే వెతికి, "ఇదిగో, ఈడ పడింది చూడండి," అని కేకపెట్టేది. ఆమె కుట్టిన ప్యాంట్లే మా అందరికీ. కాలేజీ ఇచ్చింది నీలం బనీన్లు మాత్రమే.

ఆ గురువారాలు నా జీవితంలోకెల్లా మంచి రోజులు. దీన్ని కోపంలో కూడా కాదనలేను. డాడీ నా వెనక నిలబడి, "భుజం వదులు చెయ్యి ఫేబా. బంతిని కొట్టకు, దాంట్లోంచి వెళ్ళిపో," అనేవారు. మొదటిసారి బంతి సరిగ్గా తగిలినప్పుడు చేతికి ఏమీ తెలియలేదు. శబ్దం మాత్రం వినపడింది. తల ఎత్తేసరికి బంతి కొండ రంగులో కలిసిపోయింది. డాడీ చప్పట్లు కొట్టారు. నేను ఆయన కూతుర్నని అప్పుడు తెలిసినంతగా అంతకుముందు ఎప్పుడూ తెలియలేదు.

డిసెంబరులో ఇంగ్లండు నుంచి ఒక యూనివర్సిటీ వాళ్ళు వచ్చారు. వాళ్ళ పేరు మా కాలేజీకి తగిలిస్తే డిగ్రీకి విలువ వస్తుంది, పిల్లలు ఎగబడి చేరతారు. అందుకని కాలేజీ చైర్మన్ గారు భవనానికి సున్నం వేయించి, మెట్ల మీద పూలకుండీలు పెట్టించారు. మమ్మల్ని నీలం బనీన్లలో వరసగా నిలబెట్టారు. వచ్చిన వాళ్ళలో తెల్ల జుట్టు ప్రొఫెసరమ్మ ఒకావిడ ఉంది. "మగపిల్లలకీ ఆడపిల్లలకీ సమానంగా ఆటలున్న కాలేజీని ఈ ప్రాంతంలో చూడటం సంతోషంగా ఉంది," అని ఇంగ్లీషులో అంది. చైర్మన్ గారు నవ్వుతూ తల ఊపారు. డాడీ కూడా నవ్వారు. ఫొటో తీశారు. అరీబా స్టిక్ భుజాన వేసుకుని మధ్యలో నిలబడింది.

సెలవుల తర్వాత జనవరిలో గ్రౌండుకి వెళితే మా స్టిక్కులు లేవు. బ్యాగులు ఉంచే గదిలో మా వైపు ఖాళీ. మగపిల్లల టీంకి దుబాయ్‌లో మ్యాచ్ ఉందట, అక్కడ నిజమైన గడ్డి మీద ఆడాలట. ఎక్కువ మందిని తీసుకోవాలి కాబట్టి మా సెట్లు వాళ్ళకి ఇచ్చారు. నా సెట్టు ఎవరి దగ్గరుందో చూశాను. బ్లెస్సన్ స్నేహితుడి దగ్గరుంది.

"కొన్నాళ్ళు ఆగండమ్మా. దుబాయ్ మ్యాచ్ అవ్వనీయండి," అన్నారు డాడీ మా అందరితో.

మేం ఆగాం. దుబాయ్ మ్యాచ్ అయిపోయింది. గురువారాలు వచ్చి పోతున్నాయి. అరీబా రోజూ అడిగేది, "సార్ ఏమన్నారే?" అని. నేను రోజూ ఇంట్లో అడిగేదాన్ని. డాడీ ఒకరోజు గ్రౌండు బాగు చేయిస్తున్నామన్నారు, ఒకరోజు చైర్మన్ గారు ఊళ్ళో లేరన్నారు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం అన్నం తింటూ మళ్ళీ అడిగాను. డాడీ పెరుగు గిన్నె జరుపుకున్నారు. బ్లెస్సన్‌కి విసుగొచ్చింది.

"ఎందుకే ఊరికే ఆయన ప్రాణం తీస్తావు? ఆ టీం పెట్టిందే ఇన్‌స్పెక్షన్ కోసం. అయిపోయింది, తీసేశారు. ఆ సంగతి మా టీంలో అందరికీ తెలుసు."

నేను డాడీ వైపు చూశాను. అబద్ధమని ఆయన అంటారని చూశాను. ఆయన అన్నం కలుపుతూనే ఉన్నారు.

"మీకు ముందే తెలుసా డాడీ?"

"తెలిస్తే ఏం? నాలుగు రోజులు ఆడారుగా. ఆట నేర్చుకున్నారుగా. అదైనా దక్కింది."

"తెలిసే నేర్పారా? అక్తరీ ఆంటీ ఎండలో మా వెంట తిరుగుతుంటే తెలిసే చూశారా?"

"గొంతు తగ్గించు."

"మేం నిజంగా టీం అనుకున్నాం డాడీ!"

"ఉద్యోగం అన్నాక నూరు ఉంటాయి. నీకేం తెలుసు?" అని కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచారు. మమ్మీ ఆయన కంచం తీస్తూ నా వైపు ఒకసారి చూసింది, అంతే. ఆ చూపు నాకు చాల్లేదు. ఆమె మీద కూడా కోపం వచ్చింది.

ఆ రోజు నుంచి ఇంట్లో నేను డాడీతో మాట్లాడటం మానేశాను. కాలేజీకి ఆయన కారులో ఎక్కలేదు. మా ఇల్లున్న ఘుబ్రా నుంచి ఖురం దాకా షేర్ ట్యాక్సీలో వెళ్ళేదాన్ని. వరండాలో ఎదురైతే అందరితోపాటు "గుడ్ మార్నింగ్ సార్" అనేదాన్ని. ఆయన ముఖం ముడుచుకుపోయేది. అది చూసి నాకు తృప్తిగా ఉండేది.

మార్చిలో ఆయనే నా గది గుమ్మం దగ్గరికి వచ్చారు.

"యూనివర్సిటీ వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. సంతకాలు పెట్టడానికి. ఒక్క పూట మీరంతా బనీన్లు వేసుకుని వస్తే చాలు. అరీబాతో, మిగతావాళ్ళతో నువ్వే చెప్పాలి. నేను చెబితే రారు."

నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"నా ఉద్యోగం సంగతి ఇది ఫేబా."

"చెబుతాను," అన్నాను.

చెప్పాను. ఈసారి ఆవిడ అడిగితే నిజం చెప్పేద్దామని కూడా అన్నాను. అరీబా, "నువ్వు మాట్లాడతావా? నాకు కోపమొస్తే ఇంగ్లీషు రాదు," అంది.

సంతకాల రోజు హాల్లో పూలదండలు, సమోసాలు, రూఅఫ్జా షర్బతు. మమ్మల్ని మగపిల్లల పక్కన నిలబెట్టారు. చేతుల్లో స్టిక్కులు పెట్టారు. మావి కావు, ఎవరివో. చైర్మన్ గారు ప్రొఫెసరమ్మని మా ముందుకు తీసుకొచ్చారు. ఆమెకి మేం గుర్తున్నాం. అరీబాని చూసి, "ఈ సీజన్ ఎలా సాగింది మీకు?" అని అడిగింది.

"సీజన్ లేదు మేడం," అన్నాను నేను. "మీరు డిసెంబరులో వెళ్ళాక మాకు ఆట లేదు. మా స్టిక్కులు మగపిల్లలకి ఇచ్చేశారు. ఇవాళ మీరు వస్తున్నారని మమ్మల్ని పిలిపించారు."

చేతిలో పెట్టిన స్టిక్‌ని కిందికి ఆనించాను.

ఆమె చైర్మన్ గారి వైపు తిరిగింది. ఆయన నవ్వు చెదరలేదు. "కోచ్, ఆప్ బతాయియే," అని హిందీలో అని, వెంటనే ఇంగ్లీషులో, "ఈ అమ్మాయి మా కోచ్ గారి సొంత కూతురే. ఏం జరిగిందో ఆయనే చెబుతారు," అన్నారు.

డాడీ ముందుకొచ్చారు. నేను ఆయన కళ్ళలోకి చూశాను. ఒక్క క్షణం ఆయన నిజం చెబుతారనే అనుకున్నాను. ఇప్పటికీ ఆ క్షణం తలుచుకుంటే నా మీద నాకే జాలేస్తుంది.

"చిన్నపిల్ల మేడం, ఏదో కోపంలో ఉంది," అన్నారు. "టీం మేం ఆపలేదు. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోలేదు. ముస్లిం కుటుంబాలు, మీకు తెలుసు కదా. ఆడపిల్లల్ని మైదానానికి పంపడానికి తల్లులు ఇష్టపడరు. వాళ్ళు మానేస్తే మిగతావాళ్ళూ మానేశారు."

ఆయన అరీబా వైపు చూడకుండా చెప్పారు. అరీబా చేతిలో స్టిక్ నేల మీద పడి పెద్ద చప్పుడైంది. ప్రొఫెసరమ్మ ముఖంలో ఏదో సర్దుకుంది. అర్థమైందన్నట్టు, పాపం అన్నట్టు, అరీబా తల మీది స్కార్ఫ్ వైపు చూసింది. ఆమె ముందే నమ్మి ఉన్న సంగతిని ఎవరో చేతికి అందించినట్టుంది. "అలాంటి సంప్రదాయాలు మారడానికి టైం పడుతుంది," అంది. తర్వాత అందరూ సంతకాల బల్ల వైపు నడిచారు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మా బెల్లు మోగింది. అక్తరీ బేగం. వెనక అరీబా, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ముఖంతో. మమ్మీ "రండి, కూర్చోండి," అంది.

"కూర్చునేదానికి రాలేదు సిస్టర్. యాడ ఆయన?"

డాడీ లోపలి గదిలోంచి వచ్చారు. లుంగీ మీద ఉన్నారు.

"చెప్పు ప్రసాద్ భాయ్. నా బిడ్డను నేను ఎప్పుడన్నా వద్దంటినా?"

"అది కాదమ్మా..."

"వద్దంటినా, లేదా? అది చెప్పు ముందు. పోయిన రంజాన్‌లో తప్పిన రోజాలు పట్టుకొని, ఉపవాసంతో గూడా నేను గ్రౌండుకు వస్తి. రాళ్ళల్లో మీ బంతులు ఏరితి. ఆరుగురు పిల్లలకు ప్యాంట్లు కుడ్తి. మా ఆయన తమ్ముడు, 'ఏందమ్మా ఇది, పిల్లను మొగోళ్ళ ఆటకు పంపిస్తాండావు,' అంటే, 'నీకేమైతుంది, మూసుకో,' అంటి. నీ మాట నమ్మి అంటి! నువ్వు పోయి ఆ ఇంగ్లీషామెకు నేనే ఆపినానని చెప్తివి. నీ అబద్ధం దాచుకునేదానికి నా బురఖానే దొరికిందా నీకు?"

డాడీ గోడ వైపు చూస్తున్నారు. "నా పరిస్థితి మీకు తెలియదమ్మా. చైర్మన్ గారు..."

"ఆయప్ప సంగతి నాకెందుకు? ఆయప్ప నన్ను అమ్మా అనలేదు, నా ఇంటికొచ్చి నా చేత్తో చాయ్ తాగలేదు. నువ్వు తాగినావు."

ఆమె రొప్పుతోంది. అరీబా చెయ్యి పట్టుకుని గిర్రున తిరిగి మెట్లు దిగిపోయింది. నేను వాళ్ళ వెనక పరిగెత్తాను. కింద అరీబా నన్ను చూసి, "నువ్వు చెప్పావు కదే. నీ మీద కాదు," అంది. అలా అని నా చెయ్యి మాత్రం పట్టుకోలేదు.

నేను పైకి వచ్చేసరికి మమ్మీ నిలబడే ఉంది. డ్యూటీ టైం దాటిపోతోంది. ఆమె చాలా మెల్లగా మాట్లాడుతోంది. వార్డులో పేషెంటు కట్టు విప్పేటప్పుడు అలాగే మాట్లాడుతుంది.

"నన్ను పెళ్ళి చేసుకుని ఈ దేశం వచ్చి మీరు చిన్నబోయారని నాకు తెలుసండీ. సిస్టర్ గారి హస్బెండ్ అంటే మీకు ముల్లు గుచ్చినట్టు ఉండేది. ఈ ఉద్యోగం వచ్చాక మనిషి నిటారుగా నడుస్తున్నాడు, పోనీలే అనుకుని ఊరుకున్నా. ఇది అడిగినప్పుడు కూడా ఊరుకున్నా." నన్ను చూపించింది. "ఇవాళ ఒక తల్లిని నా ఇంటి గుమ్మంలో ఏడిపించారు. మీరు కోచ్ సార్‌గా ఉండి ఇది చెయ్యడం కంటే సిస్టర్ గారి హస్బెండ్‌గా ఉండటం తక్కువేం కాదు."

డాడీ సోఫాలో కూర్చుండిపోయారు. బ్లెస్సన్ గదిలోంచి బయటికి రాలేదు.

మర్నాడు ఆయన పొద్దున్నే కాలేజీకి వెళ్ళారు. మధ్యాహ్నానికే తిరిగొచ్చారు. జరిగింది మమ్మీతో చెబుతుంటే నేను వంటగదిలోంచి విన్నాను. చైర్మన్ గారి గదిలోకి వెళ్ళి, నిజం యూనివర్సిటీ వాళ్ళకి చెబుతానన్నారట. చైర్మన్ గారు టీ తాగుతూ, "వాళ్ళు తెల్లవారుజాము ఫ్లైట్‌కి వెళ్ళిపోయారు ప్రసాద్. సంతకాలు అయిపోయాయి. కావాలంటే ఫోన్ చేసి చెప్పుకో. పిల్లల తల్లుల మీద అబద్ధం చెప్పింది నువ్వే కదా. నేను ఒక్క మాట అనలేదే," అన్నారట. తర్వాత, ఆడపిల్లల టీం సరిగ్గా చూసుకోలేదన్న కారణం చెప్పి ఈయన్నే తీసేశారు. నిజంగా ఆ కారణమే చెప్పారు. పీడ వదిలితే చాలనుకున్నారేమో, వేరే చోట చేరడానికి కావలసిన రిలీజ్ కాగితం కూడా వెంటనే ఇచ్చారు.

నాకు జాలి వేయాలి. వేయలేదు. ఒక రోజు ముందు ఆ హాల్లో చెప్పి ఉంటే సరిపోయే మాట అది.

మస్కట్‌కి చాలా దూరంలో, ఇబ్రి అనే ఊళ్ళో, ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఆయనకి స్టోర్ చూసే పని దొరికింది. అక్కడే రూములో ఉండి, బుధవారం సాయంత్రం బస్సెక్కి ఇంటికొచ్చేవారు. ఇంట్లో ఆయన కుర్చీ ఖాళీగా ఉండేది. మమ్మీ డ్యూటీలు చేసుకుంటూ, ఎవరినీ ఏమీ అనకుండా బతికింది. బ్లెస్సన్ టీంలోనే ఉన్నాడు. దుబాయ్‌లో గడ్డి మీద నడుస్తుంటే ఎంత మెత్తగా ఉంటుందో నాకు చెప్పబోయాడొకసారి. చెప్పొద్దన్నాను. ఆ కాలేజీలో నేను చదువు పూర్తి చేసేదాకా, కొత్తగా చేరేవాళ్ళకి పంచే పుస్తకంలో ఏటా మా ఫొటోనే వేశారు.

ఆడటం మాత్రం మానలేదు మేం. మా టీంలో నఫీసా అనే ఒమానీ అమ్మాయి ఉండేది. దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషు కుటుంబం దగ్గర నఫీసా వాళ్ళ నాన్న పాత స్టిక్కులు కొనిచ్చాడు. ఘుబ్రా అవతల ఇళ్ళు ఇంకా లేని చోట, ఎండిన వాగు పక్కన, ఖాళీ నేల ఉంది. రాళ్ళు ఏరి పక్కన పోసి, డబ్బాలు పాతి గుంటలు చేసుకున్నాం. అక్తరీ ఆంటీ మళ్ళీ వచ్చింది. నాతో ముందులా మాట్లాడటానికి ఆమెకి కొన్ని వారాలు పట్టింది. నేను ఓపిక పట్టాను.

ఏప్రిల్ చివర, ఎండలకి ఆట ఆపేసే ముందు గురువారం, డాడీ అక్కడికి వచ్చారు. ఎవరు చెప్పారో తెలియదు, మమ్మీయే అయ్యుంటుంది. ఇబ్రి ఎండకి నల్లబడిపోయారు. దూరంగా కాసేపు నిలబడి, తర్వాత తిన్నగా అక్తరీ ఆంటీ దగ్గరికి నడిచారు. మేమంతా వింటున్నామని తెలిసే మాట్లాడారు.

"అమ్మా, మీ మీద అబద్ధం చెప్పాను. తప్పు చేశాను. ఆ ఇంగ్లండు ఆవిడకి కూడా రాశాను, మీరు ఏ రోజూ ఆపలేదని. జవాబు రాలేదు."

ఆంటీ ఫ్లాస్కు మూత బిగించింది. "రాస్తివి గదా. సరే," అంది. తర్వాత గడ్డం నా వైపు ఊపి, "దానికి చెప్పు. దాన్నే గదా అందరి ముందర అబద్ధాలకోరును చేస్తివి," అంది.

ఆయన నా ముందుకి వచ్చి నిలబడ్డారు. నేను అప్పుడే ప్లాస్టిక్ గడ్డి ముక్క పరిచి బంతి పెట్టుకున్నాను.

"నువ్వు చెప్పిందే నిజం ఫేబా. నాకు భయమేసింది. నన్ను క్షమించు."

విన్నాను. ప్రతి మాటా విన్నాను. అరీబా నా వైపు చూస్తోంది, నఫీసా చూస్తోంది. అందరూ నేను ఏదో ఒకటి అంటానని చూస్తున్నారు. నాకు లోపల ఇంకా మండుతూనే ఉంది. క్షమించానంటే అబద్ధమవుతుంది. మా ఇంట్లో అబద్ధాలు ఇక చాలు అనిపించింది.

ఆయన సరిగ్గా నా బంతి వెళ్ళే దారిలో నిలబడి ఉన్నారు. కొట్టానంటే నేరుగా ఛాతీకి తగులుతుంది.

"పక్కకి జరగండి డాడీ," అన్నాను. "దెబ్బ తగులుతుంది."